గుప్పెడు నీరు, గొట్టమంత గాలి



నేను పిల్లలకు పాఠం చెప్పిన పురవర్ణనలలో కోటలున్నాయి, అగడ్తలున్నాయి, మేడలున్నాయి, మేడల మీద పావురాలున్నాయి. మేడ పైనుంచి దిగివచ్చే మురుగు ఎటు పోయిందన్న ప్రశ్న మాత్రం ఏ విద్యార్థీ అడగలేదు, నేనూ చెప్పలేదు. అష్టాదశ వర్ణనలలో తూముకు చోటు లేదు. చరిత్రలో మాత్రం ఉన్నది. మొహెంజొదారోలో నాలుగున్నర వేల ఏళ్ళనాటి ఇటుక కాలువలను, వాటిపై మూతలను చూసి మనం గర్వపడుతూనే ఉన్నాము గదా!

అయితే ఈ టపా కాలువల గురించి కాదు. ఇంటి లోపల స్నానాలగదిలో, ఎవరి కంటికీ కనబడని రెండు వస్తువుల గురించి. ఒకటి, మురుగుగొట్టంలో వంపు తిరిగిన చోట ఎప్పుడూ నిలిచి ఉండే గుప్పెడు నీరు. రెండవది, నీటిచుక్క అయినా మోయకుండా కేవలం గాలిని మోస్తూ ఇంటి కప్పు దాటి పైకి పోయే గొట్టం. మొదటిదానిని ట్రాప్ అంటారు, రెండవదానిని వెంట్ అంటారు. వీటి కథలో ఒక విచిత్రమున్నది. వీటిని కల్పించి, ఇంటింటా పెట్టించినవారు తప్పు కారణంతో ఒప్పు పని చేశారు. తరువాతివారు ఆ కారణం తప్పని సరిగానే తెలుసుకున్నారు. ఆ వెనుక, పనికూడా అంత ముఖ్యం కాదేమోనన్న ఉపేక్ష కొన్నిచోట్ల చోటు చేసుకున్నది. దానికి మూల్యం ప్రాణాలతో చెల్లించవలసి వచ్చింది.

తెలుగు పండితుడిని గనుక ముందుగా మాటల సంగతి చూస్తాను. 'మరుగుదొడ్డి' అన్న మాటలోనే మన పాత ఇంటి పటమంతా ఉన్నది. దొడ్డి అంటే ఇంటి వెనుక పెరడు. అక్కడ మరుగు కల్పించుకున్న చోటు అది. ఇంటికీ దానికీ మధ్య పది బారల ఆకాశం ఉండేది. ఆ ఆకాశమే దుర్వాసనను పట్టుకుపోయేది. ఆ దొడ్డి ఇంటిలోకి, పడకగది పక్కకు, చివరకు నేల కిందికి కూడా వచ్చి చేరినప్పుడు అసలు చిక్కు మొదలయింది. మురుగు బయటకు పోయే దారే, మురుగుగాలి లోపలికి వచ్చే దారి కూడా అయింది. గొట్టానికి 'ఇటు నుంచి అటే పో, అటు నుంచి ఇటు రావద్దు' అని చెప్పడం ఎలాగ?

ఇంగ్లండులో 1596లో సర్ జాన్ హారింగ్టన్ అనే కవి నీళ్ళతో కడిగే మరుగుదొడ్డిని వర్ణిస్తూ పుస్తకమే రాశాడు. ఎలిజబెత్ రాణి ఆయనకు జ్ఞానమాత. అయినా ఆ పరికరం వ్యాపించలేదు. సమాధానం రావడానికి మరి సుమారు నూట ఎనభై ఏళ్ళు పట్టింది. 1775లో లండనులో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు ఒక పేటెంటు పుచ్చుకున్నాడు. పాత్ర కింది గొట్టాన్ని ఇంగ్లీషు 'ఎస్' అక్షరం లాగా వంచాడు. కడిగిన ప్రతిసారీ చివరన కొంత నీరు ఆ వంపులో నిలిచిపోతుంది. నీరు నిలిచినంత కాలం కింది గాలి పైకి రాదు. అంతే! మరగాలు లేవు, తాళాలు లేవు, అరిగిపోయే భాగమన్నది లేదు. గడియారాలు చేసేవాడు చివరకు నీటితో గడియ వేశాడు. అందుచేత నేను దీనిని 'నీటిగడియ' అంటాను. ట్రాప్ అన్న మాటకు బోను అని అర్థం. మన మాటలో అయితే తలుపు మూసిన భావం వస్తుంది. మూడేళ్ళ తరువాత, 1778లో, జోసెఫ్ బ్రామా ఆ యంత్రం కవాటాన్ని మెరుగుపరచి పేటెంటు పొందాడు. లండను సంపన్నుల ఇళ్ళలోకి మరుగుదొడ్డి అలా ప్రవేశించింది.

ఇంతలో పందొమ్మిదవ శతాబ్ది వచ్చింది. 1831–32లో, 1848–49లో, 1853–54లో లండనును కలరా ఊచకోత కోసింది. ఆనాటి వైద్యులలో అత్యధికులు దుర్వాసనే రోగమని నమ్మారు. కుళ్ళిన పదార్థం నుంచి లేచే విషవాయువు రక్తాన్ని చెరుస్తుందన్నది వారి సిద్ధాంతం. 1842లో శ్రామికుల ఆరోగ్యస్థితిపై సుప్రసిద్ధమైన నివేదిక రాసిన ఎడ్విన్ చాడ్విక్ కూడా ఆ నమ్మకం వాడే. ఇళ్ళలోని మలకూపాలను మూయించి మురుగును కాలువలలోకి మళ్ళించారు. కాలువలు థేమ్స్ నదిలోకి పోయాయి. ఆ నది నీటినే ఊరివారిలో అనేకులు తాగారు. కలరా నీటి ద్వారా వస్తుందని వాదించి, 1854లో బ్రాడ్ వీధి పంపు చుట్టూ చనిపోయినవారి ఇళ్ళను లెక్కకట్టి చూపిన డాక్టర్ జాన్ స్నోను నమ్మినవారు తక్కువ.

1858 ఎండాకాలంలో థేమ్స్ కంపు భరించలేక, పార్లమెంటు భవనపు తెరలను బ్లీచింగు సున్నంలో తడిపి వేలాడదీశారు. దాని ఫలితంగా ఇంజనీరు జోసెఫ్ బాజల్‌గెట్ చేతికి డబ్బూ అధికారమూ వచ్చాయి. 82 మైళ్ళ పెద్ద ఇటుక సొరంగాలు నగరం కింద తవ్వి, మురుగును ఊరికి దిగువన నదిలో కలిపాడు. కంపును పారద్రోలడం వారి ఉద్దేశం. దానితో పాటు కలరా కూడా పోయింది. అంటే, తప్పు కారణంతో ఒప్పు పని.

1865లో క్రాస్‌నెస్ అనేచోట ఆ మురుగునీటి పంపుల కేంద్రాన్ని ప్రారంభించినవాడు విక్టోరియా రాణి పెద్దకొడుకు, వేల్స్ యువరాజు. ఆరేళ్ళకు, 1871లో, ఆ యువరాజు స్కార్‌బరోలో లండెస్‌బరో లాడ్జ్ అనే భవనంలో అతిథిగా ఉండి వచ్చి టైఫాయిడ్‌తో మంచం పట్టాడు. అదే ఇంట బస చేసిన చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు మరణించాడు. యువరాజు గుర్రాల సేవకుడొకడూ మరణించాడు. యువరాజు తండ్రి ఆల్బర్ట్ 1861 డిసెంబరు 14న చనిపోయినప్పుడు కూడా వైద్యులు చెప్పిన రోగం టైఫాయిడే. సరిగా పదేళ్ళ తరువాత అదే తేదీ సమీపిస్తుంటే దేశమంతా ఊపిరి బిగబట్టింది. యువరాజు బతికాడు. నింద మాత్రం ఆ ఇంటి మురుగుగొట్టాల మీద పడింది.

ఆ తరువాత ధనికుల ఇళ్ళలో పెద్ద భయం పుట్టుకొచ్చింది. పేదవాడల రోగమనుకున్నది, పాలరాతి స్నానాలగది నుంచే ఇంట్లోకి వస్తున్నదట! నీటిగడియలు ఉన్నాయి గదా అని చూస్తే, తెల్లవారేసరికి కొన్నింటిలో నీరు లేదు. ఎవరు తాగారు ఆ నీటిని?

దీనికి జవాబు మన వంటింట్లోనే ఉన్నది. కొత్త నూనె డబ్బాకు ఒకే చిల్లు పొడిచి వంచండి. నూనె గుటగుటలాడుతూ, ఆగి ఆగి వస్తుంది. ఎదురుగా రెండో చిల్లు పొడవండి. ధార కడుతుంది. నూనె బయటకు వచ్చిన మేరకు గాలి లోపలికి పోవాలి. గాలికి వేరే దారి లేకపోతే వచ్చిన దారినే తోసుకుంటూ పోతుంది. మురుగుగొట్టం కూడా అంతే. పై అంతస్తు నుంచి నీరు దబ్బున కిందికి జారినప్పుడు తన వెనుక గాలిని ఈడ్చుకుపోతుంది. ఆ వెలితిని పూరించడానికి గాలి కావాలి. గొట్టానికి ఆకాశంతో సంబంధం లేకపోతే, పక్కనున్న తొట్టి కింది వంపులోని నీటినే పీల్చి, ఆ దారిన గదిలోని గాలిని లాగుతుంది. అంతేకాదు, నిండుగా పారిన నీరు 'ఎస్' వంపులో దిగుతూ తన తోకను తానే పీల్చుకుపోతుంది. దీనినే సైఫన్ అంటారు. కింది అంతస్తులో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. పైనుంచి పడే నీరు తన ముందున్న గాలిని అదిమి, వంపులోని నీటిని బుడబుడమని గదిలోకి ఎగదన్నుతుంది.

దీనికి మందు రెండో చిల్లే. వంపు దాటిన వెంటనే మురుగుగొట్టానికి ఒక గాలిగొట్టాన్ని తగిలించి, కప్పు దాకా తీసుకుపోయి, ఆకాశంలోకి తెరిచిపెట్టాలి. 1870లలోను ఆ తరువాతను ఈ జ్ఞానం స్థిరపడింది. స్టీవెన్స్ హెల్యర్ అనే లండను ప్లంబరు 1877లో 'ది ప్లంబర్ అండ్ శానిటరీ హౌసెస్' అనే గ్రంథాన్ని ప్రచురించాడు. ప్లంబరు అన్న మాటకు మూలం లాటినులో సీసం. సీసపు పని చేసే చేతివృత్తివాడు పండితుల కోసమూ వైద్యుల కోసమూ శాస్త్రగ్రంథం రాసిన కాలమది! గాలిగొట్టాన్ని నేను 'ఊపిరిగొట్టం' అంటాను. అది మురుగును మోయదు, ఇంటివారికి కనబడదు, ఖర్చు మాత్రం తెస్తుంది. అందువల్లనే దానిని ఎగవేయాలని ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు.

ఈ విద్య అట్లాంటిక్ దాటి అమెరికాకు పోయింది. 1878లో మెంఫిస్ నగరంలో పచ్చజ్వరానికి అయిదువేల మందికి పైగా బలి అయ్యారు. కర్నల్ జార్జ్ వేరింగ్ అక్కడ 1880లో వాననీటితో కలవని ప్రత్యేక మురుగుకాలువలు వేశాడు. ఆయన కూడా విషవాయువును నమ్మినవాడే. పచ్చజ్వరాన్ని మోసేది దోమ అని వాల్టర్ రీడ్ బృందం 1900లో క్యూబాలో రుజువు చేసింది. దానికి రెండేళ్ళ ముందే వేరింగ్ క్యూబా వెళ్ళివచ్చి అదే జ్వరంతో చనిపోయాడు. సిద్ధాంతం ఆయనను కాపాడలేదు. ఆయన వేసిన కాలువలు మాత్రం నగరానికి వేరే విధంగా మేలు చేశాయి.

ఊరికొక నియమం, మేస్త్రీకొక పద్ధతిగా ఉన్న ఆ దేశంలో లెక్కలతో కూడిన శాస్త్రం 1920లలో వచ్చింది. వాణిజ్యమంత్రిగా ఉన్న హెర్బర్ట్ హూవర్ ఒక సంఘాన్ని నియమించాడు. నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ ప్రయోగశాలలో రాయ్ హంటర్ గొట్టాలలో నీటినీ గాలినీ పరుగెత్తించి కొలిచాడు. ఏ తొట్టి నుంచి ఎంత ప్రవాహం వస్తుందో అంకెలు కట్టాడు. 1923లో ఆ సంఘం ఇచ్చిన నివేదికకే హూవర్ కోడ్ అని పేరు స్థిరపడింది. నేటి అమెరికా నియమాలలో నీటిగడియ లోతు రెండు అంగుళాలకు తగ్గరాదు, నాలుగుకు మించరాదు. రెండు కన్న తక్కువైతే సులభంగా ఎండుతుంది, నాలుగు మించితే మడ్డి పేరుకుంటుంది. సన్నని గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి. కమ్మింగ్ కల్పించిన 'ఎస్' వంపు తన నీటిని తానే పీల్చుకుంటుంది గనుక కొత్త ఇళ్ళలో దానిని నిషేధించారు. దాని స్థానంలో 'పి' వంపు వచ్చింది.

ఈ శాస్త్రానికి కఠినపరీక్ష నేలమాళిగ. మన కథలలో నేలమాళిగ అంటే నిధినిక్షేపాల చోటు. అమెరికాలోని మన పిల్లలకు అది బేస్‌మెంటు. అక్కడ తివాచీ పరుస్తారు, అతిథులకు పడకగది కడతారు, తరువాత స్నానాలగది కావాలంటారు. న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట ఆ పని జరుగుతుండగా నేను కొన్ని వారాలు ఉన్నాను. గోడలు కప్పక మునుపే గొట్టాలన్నింటినీ నీటితో నింపి, ఎక్కడా కారడం లేదని తనిఖీ అధికారికి చూపించవలసి వచ్చింది. "ఏమిరా, నీటి గొట్టాలు సరే, ఆ ఉత్త గొట్టానికి కూడా ఇంత హంగామానా?" అని అడిగాను. "ఇక్కడ గాలికి కూడా పర్మిట్ కావాలి నాన్నగారూ" అన్నాడు. నవ్వాను గాని, ఆ పని చూసినకొద్దీ దానిలోని తర్కం బోధపడింది.

వీధి మురుగుకాలువ నేలమాళిగ కన్న లోతున ఉంటే నేల కాంక్రీటును పగలగొట్టి గొట్టాన్ని వాలుగా కలపవచ్చును. ఇంటి మురుగుగొట్టం నేలమాళిగ నేల కన్న ఎత్తున బయటకు పోతుంటే వాలు సాధ్యం కాదు. అప్పుడు నేలలో ఒక తొట్టిని పాతి, మురుగును అందులోకి దింపి, పంపుతో పైకి ఎత్తిపోయాలి. ఎత్తిన మురుగు వెనక్కి జారకుండా ఒంటిదారి కవాటం పెట్టాలి. తొట్టికి గాలి చొరని మూత వేయాలి. ఆ మూత నుంచి మళ్ళీ ఒక ఊపిరిగొట్టం పైకి పోవాలి. మురుగు లోపలికి వచ్చినప్పుడు తొట్టిలోని గాలి బయటకు పోవాలి, పంపు లాగినప్పుడు గాలి లోపలికి రావాలి. మనం ఛాతీతో చేసే పనే అది. ఊపిరిగొట్టం అడ్డంగా తిరిగే ముందు, తొట్టి అంచు కన్న కనీసం ఆరంగుళాలు ఎత్తుకు పోవాలని ఒక నియమమున్నది. అంత కన్న కిందనే తిప్పితే, ఎప్పుడైనా మురుగు అడ్డుపడి నిలిచిన రోజున మలినం దానిలోకి ఎక్కి, అడ్డంగా ఉన్న భాగంలో ఎండి, గాలిదారిని పూడ్చివేస్తుంది. ఇంటివారికి తొట్టి పనిచేస్తున్నట్లే ఉంటుంది, ఊపిరి మాత్రం ఆగిపోయి ఉంటుంది.

ఇక సిద్ధాంతం సంగతి. 1880లలో టైఫాయిడు, కలరాల సూక్ష్మజీవులు బయటపడ్డాయి. కలరా క్రిమిపై రాబర్ట్ కోచ్ తన పరిశోధనను ముగించినది మన దేశంలోనే, 1884లో కలకత్తాలో. రోగం వాసనలో లేదు, నీటిలో, ఆహారంలో, చేతులలో ఉన్నదని తేలింది. ప్రొవిడెన్స్ నగర ఆరోగ్యాధికారి చార్లెస్ చాపిన్ 1910లో ప్రచురించిన గ్రంథంలో మురుగుగాలి భయాన్ని తోసిపుచ్చాడు. మొత్తం మీద ఆయన చెప్పినది సరి.

ఒక్క మాట మాత్రం ఇక్కడ చెప్పవలసి ఉన్నది. మురుగుగాలి టైఫాయిడు తేదు గాని, మూసిన చోట మనిషిని నిమిషాలలో చంపుతుంది. అందులోని హైడ్రోజన్ సల్ఫైడు మొదట కోడిగుడ్డు కంపు కొట్టి, మోతాదు పెరిగితే ముక్కునే మొద్దుబారుస్తుంది. అప్పుడు కంపు పోయిందనుకున్నవాడు చావుకు దగ్గరయినట్లు. రక్షణ లేకుండా మనుషులను మురుగుగుంతలలోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ మరణాలకు 10 లక్షల రూపాయల పరిహారమివ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించి, 2023లో 30 లక్షలకు పెంచింది. కోలారు గనుల ప్రాంతంలో పుట్టిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసె పురస్కారం వచ్చినది ఈ పోరాటానికే. ఇళ్ళలో మనకు గుప్పెడు నీరు కాపలా ఉన్నది. ఆ గుంతలో దిగేవారికి అదీ లేదు.

2003 మార్చిలో హాంకాంగులోని అమోయ్ గార్డెన్స్ అనే ఎత్తైన నివాససముదాయానికి సార్స్ సోకిన ఒక రోగి చుట్టపుచూపుగా వచ్చాడు. ఏప్రిలు 15 నాటికి అక్కడ 321 మందికి వ్యాధి సోకింది. వారిలో అయిదింట రెండు వంతులు 'ఈ' అనే ఒక్క బ్లాకువారు. నలభై మందికి పైగా చనిపోయారు. ఒకరి ముఖం ఒకరు చూడనివారికి అంతస్తుల వెంబడి రోగం ఎలా పాకింది? ఆరోగ్యశాఖవారు వెతికి వెతికి స్నానాలగది నేలలోని జాలి దగ్గర ఆగారు. అక్కడివారు నేలను బకెట్లతో కడగరు, తడిగుడ్డతో తుడుస్తారు. అందుచేత నేలజాలి కింది వంపులలో అనేకం ఎండిపోయి ఉన్నాయి. గోడకున్న గాలిపంఖా వేసి తలుపు మూస్తే, ఆ పంఖా మురుగుగొట్టం నుంచే గాలిని, ఆ గాలితో పాటు రోగి మలపు తుంపరలను గదిలోకి లాగింది. నాలుగవ అంతస్తు దగ్గర ఊపిరిగొట్టంలో పగులు కూడా కనబడింది. అక్కడి నుంచి బయటపడిన తుంపరలు భవనాల మధ్య గాలిలో పైకి లేచాయని తరువాతి పరిశోధకులు వివరించారు.

చూశారా, చరిత్ర ఎక్కడికి తిరిగి వచ్చిందో! గాలిలో రోగం లేదని నూరేళ్ళ క్రితం తోసిపుచ్చాము. ఒక రోగానికి సంబంధించి ఆ గాలే దారి అయింది. కోవిడు కాలంలో, 2020 ఫిబ్రవరిలో, హాంకాంగులోని హాంగ్ మే హౌస్‌లోను, చైనాలో గ్వాంగ్‌జౌ నగరపు ఒక బహుళ అంతస్తుల భవనంలోను మళ్ళీ అదే అనుమానం మురుగుగొట్టాల మీదికి వచ్చింది. పాతవారి సిద్ధాంతం ఒప్పయిందని నేను అనడం లేదు. వారి సిద్ధాంతం తప్పే. కాని సిద్ధాంతం కన్న వారి చేతిపనికి ఆయుర్దాయం ఎక్కువ. తాము ఎరుగని శత్రువుకు కూడా వారు కట్టిన గడియ అడ్డు నిలిచింది, నీరున్నంత కాలం.

మన ఊళ్ళకు వస్తాను. 1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదుకు వేసిన ప్రణాళికలో మురుగుపారుదల కూడా ఉన్నది. నేడు మన ఫ్లాట్లన్నిటిలోను స్నానాలగది నేలలో ఉండేదానిని మేస్త్రీలు 'నహానీ ట్రాప్' అంటారు. నహానీ అంటే స్నానాల చోటు. మనం రోజూ నేల కడుగుతాము గనుక అది నిండే ఉంటుంది. అయితే వాడని గదిలో వేసవిలో కొద్ది వారాలకే ఎండిపోతుంది. పిల్లల దగ్గరికి ఆరు నెలలు విదేశానికి వెళ్ళి తాళం వేసిన ఇల్లు తెరవగానే వచ్చే కంపు, ఆ గడియ ఊడిన గుర్తు. అగరుబత్తి దానికి మందు కాదు, ఒక చెంబెడు నీళ్ళు మందు. వెళ్ళేముందు నీళ్ళు పోసి, పైన చెంచాడు వంటనూనె వేస్తే తొందరగా ఆవిరి కాదు. పొరుగువారికి తాళంచెవి ఇచ్చేటప్పుడు తులసికోటతో పాటు ఈ జాలిలో కూడా నీళ్ళు పోయమని చెప్పండి. ఇల్లు కట్టించుకునేవారు, మేడమీద తలెత్తి నిలిచిన ఆ ఉత్త గొట్టాన్ని అందం చెడుతున్నదని కోయించకండి, మూయించకండి.

నీటిగడియ, ఊపిరిగొట్టం అన్నవి నేను కూర్చిన మాటలు. మీ ప్రాంతంలో మేస్త్రీల నోట ఇంతకన్న మంచి మాటలు ఉండే ఉంటాయి. తూము, జలదారి వంటి పాత మాటలు ఇంకా ఎక్కడెక్కడ బతికి ఉన్నాయో తెలిసినవారు చెబితే ఈ వృద్ధ ఉపాధ్యాయుడు తన నోటుపుస్తకంలో రాసుకుంటాడు.

సెలవు.